ష్రూస్‌బరీ కూడలిలో క్లైవ్ విగ్రహం: ఉంచాలా, తీయాలా?

సెవర్న్ తీరం:
ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్‌ను ఆనుకుని ఉన్న ష్రాప్‌షైర్‌లో వారం రోజులు తిరిగి వచ్చాం. పచ్చిక బయళ్లు, గొర్రెల మందలు, 1779లో నిలబెట్టిన ఇనుప వంతెన, డార్విన్ పుట్టిన ష్రూస్‌బరీ. ఆ ఊరి నడిబొడ్డున ఎత్తైన పీఠం మీద, 1757లో ప్లాసీ యుద్ధం గెలిచి బెంగాలులో ఈస్టిండియా కంపెనీ పెత్తనానికి పునాది వేసిన రాబర్ట్ క్లైవ్ కంచు విగ్రహం కనబడేసరికి కాళ్లు ఆగిపోయాయి. 2020లో దాన్ని తీసేయాలని వేల మంది సంతకాలు పెట్టినా కౌన్సిల్ ఒప్పుకోలేదు. క్లైవ్ ఆ ప్రాంతంలో పుట్టినవాడే, ఆ ఊరికి మేయరుగా, పార్లమెంటు సభ్యుడిగా ఉన్నవాడే. వాళ్ల వారసత్వం వాళ్లది అని ఊరుకోవలసిందేనా?

పిఠాపురం పాఠకురాలు:
ఊరుకోకూడదండి. క్లైవ్ పోయింది 1774లో. విగ్రహం పెట్టింది 1860లో. ఎనభై ఆరేళ్లు ఆ కూడలికి లేని అవసరం, 1857 తిరుగుబాటు జరిగిన మూడేళ్లకే పుట్టుకొచ్చింది. అది ష్రాప్‌షైర్ జ్ఞాపకం కాదు, సామ్రాజ్యం వేసుకున్న ముద్ర.

అదే కూడలిలో 1596 నాటి పాత మార్కెట్ భవనం ఉంది, చూసే ఉంటారు. ఉత్తరం వైపు కమాను దగ్గర రాతిలో వరసగా చిన్న చిన్న చిల్లులున్నాయి. అమ్ముడైన ఉన్ని లెక్క తప్పకుండా వ్యాపారులు వాటిలో మేకులు గుచ్చుకునేవారట. వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. గొర్రె బొచ్చు లెక్క తప్పకూడదని రాతికి చిల్లులు పెట్టుకున్న ఊరు, ప్లాసీ తర్వాత క్లైవ్ సొంతం చేసుకున్న 2,34,000 పౌన్ల లెక్కను పీఠం మీద చెక్కించలేదు. పగలగొట్టమని నేననను. ఊరి మ్యూజియం కూడా ఆ కూడలిలోనే ఉంది. నాలుగడుగులు జరిపి లోపల పెట్టమంటున్నాను.

బందరు వాసి:
అమ్మా, మీ బాధ నాకూ ఉంది. కానీ మ్యూజియంలో పెడితే చూసేదెవరు? చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లే. తెలియవలసింది కూరగాయల సంచీతో ఆ దారిన పోయేవాళ్లకు. మీకు దగ్గరలోని చందుర్తిలో 1758 డిసెంబరులో ఫ్రెంచివారిని ఓడించిన కల్నల్ ఫోర్డును బెంగాలు నుంచి పంపింది క్లైవే. మరుసటి ఏప్రిల్‌లో మా బందరు కోట పడింది. ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా సీమకు, మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఫర్మానా తెచ్చుకున్నదీ 1765లో ఆయనే. ఆ ఊరి చరిత్రలో మన ఊళ్ల చరిత్ర కలిసిపోయి ఉంది. ఆయన్ను పూడ్చిన మోర్టన్ సే చర్చికి వెళ్తే గోడకు చిన్న ఫలకం ఉంటుంది, అంతే. కూడలిలోనూ కనబడకుండా చేస్తే ఇక అడిగేవాడే ఉండడు. పీఠం పక్కనే పెద్ద పలక పెట్టి ప్లాసీ, చందుర్తి, బందరు అన్నీ రాయించాలి.

పిఠాపురం పాఠకురాలు:
పలక కంటి ఎత్తులో, ఆయన తలెత్తి చూడవలసిన ఎత్తులో. దండం ఎవరికి పెట్టినట్టవుతుందండీ? చందుర్తి మాట మాత్రం నిజం. మా పిల్లలకు ఆ చోటు చూపించాలని నాకు ఇన్నేళ్లూ తోచలేదు, అది నా తప్పే. పీఠం తీసేసి ఆయన్ను నేల మీద, మనుషుల ఎత్తులో నిలబెట్టి, మీరన్న పలక పెడితే సమ్మతమేనా?

బందరు వాసి:
పీఠం తీయడానికి సమ్మతమే. చోటు మాత్రం కూడలే కావాలి.