పేపర్ మినియేచర్ పీడీఎఫ్‌లో రంగు మారిస్తే బొమ్మ మసకబారుతోంది, దారి ఏది?

అట్టసైన్యం:
కొనుక్కున్న పేపర్ మినియేచర్ల (ప్రింట్ తీసి కత్తిరించి ఆటలో నిలబెట్టే కాగితపు బొమ్మల) సెట్ ఒకటి ఉంది. సైనికుల అంగీలు ఎరుపు నుంచి నీలానికి మార్చాలి. పీడీఎఫ్‌ని జింప్‌లో (ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి రంగు మార్చి, జేపెగ్‌గా సేవ్ చేసి ప్రింట్ తీశాను. ముఖాలు మసక, నల్ల గీతల చుట్టూ మురికి చుక్కలు. అసలు పీడీఎఫ్‌ని నేరుగా ప్రింట్ తీస్తే గీతలు పదునుగా వస్తున్నాయి. ఏం చేయాలి?

గీతలరాయుడు:
జింప్‌లో తెరవడమే తప్పండి. తెరిచిన క్షణంలోనే పేజీ మొత్తం పిక్సెళ్లుగా మారిపోతుంది. ఆ చుక్కలు జేపెగ్ కుదింపు వల్ల వచ్చినవి. వెక్టర్ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో తెరవండి, వెక్టర్ గీతలు (పిక్సెళ్లుగా కాక లెక్కలుగా దాచినవి, ఎంత పెంచినా పదును పోదు) గీతలుగానే ఉంటాయి. అంగీ మీద క్లిక్ చేసి రంగు మార్చితే సరిపోతుంది.

నీటిరంగులు:
అన్ని సెట్లూ వెక్టర్ కాదు కదా సార్! చాలామంది బొమ్మలను పెయింట్ చేసి పీడీఎఫ్‌లో పెడతారు. వాటికి ఇంక్‌స్కేప్ ఏం చేస్తుంది? ముందు 1600 శాతం జూమ్ చేసి చూడమనండి. అంచు నున్నగా ఉంటే వెక్టర్, మెట్లుమెట్లుగా ఉంటే పిక్సెల్ బొమ్మ. పిక్సెల్ బొమ్మయితే జింప్ అడిగే చోట రిజల్యూషన్ 600 (అంగుళానికి 600 పిక్సెళ్లు) పెట్టి తెరవాలి. 30 మిల్లీమీటర్ల సైనికుడికి 100 దగ్గర దక్కేది సుమారు 118 పిక్సెళ్ల ఎత్తే, అందులో ముఖం ఎక్కడ పడుతుంది? 600 దగ్గర 709 వస్తాయి. పని జింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో దాచుకుని, చివర్లో కుదింపుతో నాణ్యత పోని పీఎన్‌జీ తీయాలి.

పాతకత్తెర:
ప్రింట్ చేసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసేసి 'యాక్చువల్ సైజ్' పెట్టండి. లేకపోతే సైజు మారిపోయి పాత సెట్‌తో పొంతన కుదరదు.

గీతలరాయుడు:
600 పెట్టగానే లేని వివరం పుట్టుకురాదు. లోపల బొమ్మ 200 డీపీఐది (అంగుళానికి 200 చుక్కలది) అయితే, మధ్యలో ఊహించి నింపిన పిక్సెళ్లే మీకు దక్కేవి. పాప్లర్ అనే పీడీఎఫ్ పనిముట్ల సెట్‌తో వచ్చే పీడీఎఫ్‌ఇమేజెస్ అనే కమాండ్ వాడి, 'ఆల్' ఆప్షన్‌తో లోపలి బొమ్మను ఉన్నదున్నట్టు బయటికి తీయండి. పారదర్శకత మాస్క్ (బొమ్మలో ఏ భాగం కనిపించకూడదో చెప్పేది) విడి ఫైల్‌గా వస్తుంది, అది పారేయకండి.

నీటిరంగులు:
600 వల్ల పుట్టుకొస్తుందని నేను అన్నానా? పోకుండా ఉంటుంది అన్నాను. కమాండ్ లైన్ రాని మనిషికి మీ పాప్లర్ ఏం పనికొస్తుంది?

గీతలరాయుడు:
రాకపోతే నేర్చుకోవాలి. లేదా ముట్టుకోకుండా వదిలేయాలి.

నీటిరంగులు:
వదిలేయాలా? డబ్బు పెట్టి కొన్నవాడు తన సైన్యానికి నచ్చిన రంగు వేసుకోకూడదా? మొదటి నుంచీ చూస్తున్నాను, మీకు డీపీఐ మీద కాదు కోపం, ఎడిట్ చేయడం మీదే.

గీతలరాయుడు:
అవును, ఉంది. ఈ సెట్లు గీసేవాణ్ణి నేను. నా బొమ్మలను ఎవరో రంగు మార్చి, జేపెగ్ మీద జేపెగ్ సేవ్ చేసి, నా పేరు అలాగే ఉంచి పంచారు. అవి ప్రింట్ తీసుకున్నవాళ్లు ‘ఈయన బొమ్మలు మసకగా ఉంటాయి’ అని రాశారు. నేను రాత్రులు కూర్చుని గీసిన కనుబొమ్మ గీత అందులో లేనే లేదు. అప్పటి నుంచి పీడీఎఫ్‌లకు ఎడిటింగ్ లాక్ వేస్తున్నాను.

పాతకత్తెర:
అది బాధే అండి.

నీటిరంగులు:
బాధ అర్థమైంది, పంచినవాళ్లది తప్పే. కానీ లాక్ వేసినందువల్లే జనం స్క్రీన్‌షాట్ తీస్తున్నారు, నాణ్యత పోయేది అక్కడే. అంగీ రంగులకు పీడీఎఫ్‌లోనే లేయర్లు (విడివిడిగా చూపించి, దాచగలిగే పొరలు) పెట్టండి. అక్రోబాట్ రీడర్‌లో ఒకటి ఆపి ఇంకొకటి చూపించి ప్రింట్ తీసుకుంటారు. ఎవరికీ ఎడిటర్ అవసరమే రాదు.

గీతలరాయుడు:
ప్రతి సైనికుడికీ నాలుగు రంగులు, ముందూ వెనకా. ఆ పని ఎవరు చేస్తారు? ఇంట్లో ఆటకు మార్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. మార్చినది నా పేరుతో బయట పెట్టొద్దు, అంతే.

నీటిరంగులు:
ఆ మాట ఫైల్ మొదటి పేజీలో రాయండి, లాక్ తీసేయండి.

గీతలరాయుడు:
రాస్తాను. లాక్ మాత్రం తీయను.

అట్టసైన్యం:
నా సెట్‌కు లాక్ లేదు. జూమ్ చేసి చూస్తే కత్తిరింపు గీతలు వెక్టర్, బొమ్మలు పిక్సెళ్లు. అంగీ బొమ్మను పీడీఎఫ్‌ఇమేజెస్‌తో బయటికి తీసి, జింప్‌లో అదే పిక్సెల్ సైజులో రంగు మార్చి, పీఎన్‌జీగా ఇంక్‌స్కేప్‌లో పాతదాని చోట పెట్టాను. ముఖాలు పదునుగా వచ్చాయి. నీలం మాత్రం స్క్రీన్ మీద కంటే కాగితం మీద ఊదాగా పడుతోంది.

నీటిరంగులు:
అది రంగుల ప్రొఫైల్ (స్క్రీన్, ప్రింటర్ ఏ రంగులు చూపగలవో చెప్పే వివరం) సంగతి. స్క్రీన్ మీది మెరిసే నిండు నీలం ప్రింటర్ సిరాలకు అందదు. కొంచెం ఆకుపచ్చ వైపు జరిపి చూడండి.

గీతలరాయుడు:
జరపడం కాదు, ముందు చిన్న రంగుల పట్టీ ప్రింట్ తీసి అందులోంచి నీలం ఎంచుకోండి.