“క్యాన్సర్‌కు ముందు దశ” అని పెద్దవాళ్లకు చెప్పాలా, వద్దా?

నర్సంపేట ఆడపడుచు:
మా బాపుకు 68 ఏళ్లు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లుగా మిర్చి, పత్తి వేస్తున్నారు. బీడీ అలవాటు ఉంది. రెండేళ్లుగా ఆయన కింది పెదవి పగిలి తెల్లటి పొట్టు లేస్తోంది. పెదవికీ చర్మానికీ మధ్య ఉండే గీత చెరిగిపోయింది. చలికాలపు పగులే అనుకుని వెన్న రాశాం. సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే వరంగల్ తీసుకెళ్లి చర్మ వైద్యుడికి చూపించాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఏళ్ల తరబడి ఎండ తగలడం వల్ల వచ్చే యాక్టినిక్ కైలైటిస్ అని తేలింది. “క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ” అని బాపు ఎదుటే అనేసి, తర్వాతి రోగిని పిలిచారు.

అందులో ‘కాదు’ అన్న మాట బాపు చెవికి ఎక్కనే లేదు. ఇంటికి రాగానే తన కంచం, గ్లాసు వేరుగా గూట్లో పెట్టుకున్నారు. మనవడు ఒళ్లోకి వస్తే ముఖం తిప్పుకుంటున్నారు. కారం తగిలితే పెదవి మండుతుందని రెండు పూటలా పెరుగన్నమే. మిర్చి పండించే మనిషి ఆయన! కల్లంలో కాయ ఆరబోసినా తాలుకాయ ఏరడానికి కూడా రాలేదు. ఆ మాట వినపడనీయకుండా మందు ఇప్పిస్తే సరిపోయేదని తమ్ముడు నా మీద కోపంగా ఉన్నాడు. నేను చేసింది తప్పా?

కరీంనగర్ కోడలు:
మీ తమ్ముడిదే న్యాయం. మా మామగారిది పచ్చని ఛాయ, బట్టతల. నెత్తి మీద గరుకు మచ్చలు వచ్చాయి. 79 ఏళ్ల వయసులో “ముందు దశ” అని చెప్పి, పాడైన కణాలను చంపే ఫ్లోరోయురాసిల్ క్రీమ్ రాయించారు. మూడు వారాలు నెత్తంతా ఎర్రబడి చెక్కు కట్టింది. దిండు గలేబుకు రసి అంటుకునేది. గుడికి వెళ్లడం మానేశారు, పలకరించడానికి వచ్చిన వాళ్లకు ముఖం చూపలేదు. మచ్చలతో ఆయనకు ఏ బాధా లేదు. బాధంతా చెప్పాకే మొదలైంది.

హన్మకొండ విశ్రాంత నర్సు:
చర్మ వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. అమ్మా, నువ్వు చేసింది తప్పు కాదు. మాటను సగంలో వదిలేసిన వాళ్లది తప్పు.

ఎండ వల్ల నెత్తి మీద వచ్చే గరుకు మచ్చ వేరు, పెదవి వేరు. మచ్చల్లో ఒక్కొక్కటి ఏడాదిలో క్యాన్సర్‌గా మారే అవకాశం చాలా అధ్యయనాల్లో నూటికి ఒకటి కన్నా తక్కువే. కొన్ని వాటంతట అవే పోతాయి. పైగా ఆ లెక్కలు ఎక్కువగా తెల్లచర్మం వాళ్లవి. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనకు కొంత కాపుదల. కాబట్టి 79 ఏళ్ల మనిషికి మందు వేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక దారే. ఆ మాట మీ మామగారిని అడిగి తేల్చాల్సింది. పెదవి దగ్గర మాత్రం అలా ఊరుకోకూడదు. అక్కడ క్యాన్సర్ వస్తే మెడలోని లింఫు గ్రంథులకు పాకే ప్రమాదం ఎక్కువ. బీడీ, చుట్ట తోడైతే మరీ ముప్పు. దాచిపెడితే ఆయన బీడీ ఎందుకు మానాలి? మిట్టమధ్యాహ్నం పొలం నుంచి ఎందుకు రావాలి?

రోగి బతుకు ఎలా ఉందో అడగడానికి వైద్యంలో పద్ధతులు ఉన్నాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు 1994లో పది ప్రశ్నల పట్టిక చేశారు. గడిచిన వారంలో చర్మం వల్ల సిగ్గుపడ్డారా, పని ఆగిందా, అయినవాళ్లతో ఇబ్బంది వచ్చిందా అని అందులో అడుగుతారు. ఎండ మచ్చలకే ప్రత్యేకంగా డెన్మార్క్‌లో 2013లో తొమ్మిది ప్రశ్నల పట్టిక వచ్చింది. మీ బాపు వేరే కంచంలో తినడం మచ్చ కొలతలో కనిపించదమ్మా. అడిగితేనే బయటపడుతుంది.

కరీంనగర్ కోడలు:
పెదవి సంగతి ఒప్పుకుంటాను. కానీ కూర్చోబెట్టి ఇంత చెప్పే తీరిక ఏ డాక్టరుకు ఉంది, నర్సమ్మగారూ? సగం మాట కన్నా మౌనమే నయం అని ఇప్పటికీ నా అభిప్రాయం.

హన్మకొండ విశ్రాంత నర్సు:
తీరిక లేదన్నది నిజమే. అందుకే చీటీ మీద రాసుకుని వెళ్లండి: ఇది అంటుతుందా, ఏ మందు, ఎన్నాళ్లకు మళ్లీ చూపించాలి. అంటదని ఆయన చెవితో డాక్టరు నోట వినాలి.

నర్సంపేట ఆడపడుచు:
నిన్న మళ్లీ వెళ్లాం. చీటీ నేను తీసేలోపే బాపు అడిగారు: “మనవడిని ముద్దు పెట్టుకోవచ్చా సార్?” పెట్టుకోవచ్చు అన్నారు డాక్టరు. బీడీ మానాలని, ఎండలో వెడల్పు అంచు టోపీ పెట్టుకోవాలని, పెదవికి ఎండను ఆపే లేపనం రాయాలని చెప్పారు. నెల తర్వాత అతి చల్లని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీసేస్తారట. బాపు బీడీ కట్ట ఇంకా జేబులోనే ఉంది, నేను చూశాను. రాత్రి గూట్లోంచి కంచం తెచ్చుకుని మా పక్కన కూర్చున్నారు.