సెయింట్ లూయిస్‌కి కొత్త: ఖర్చు లేకుండా ఏం చూడొచ్చు?

ప్రశ్న: వచ్చే నెల ఇక్కడికి మారుతున్నాం. ఇద్దరు పిల్లలు, ఇంకా కారు లేదు. శని, ఆదివారాల్లో ఎక్కడికి వెళ్లాలండీ?

జవాబు 1: ముందు ఫారెస్ట్ పార్క్ చూడండి. జూ, ఆర్ట్ మ్యూజియం, హిస్టరీ మ్యూజియం అన్నిటికీ ప్రవేశం ఉచితం, ఎందుకంటే ఇక్కడి ఆస్తి పన్నులో కొంత భాగం వాటికి వెళ్తుంది. మెట్రోలింక్ రైల్లో ఫారెస్ట్ పార్క్-డిబాలివియర్ స్టేషన్‌లో దిగితే హిస్టరీ మ్యూజియం నడిచేంత దూరమే. జూ మాత్రం పార్కుకి అవతలి పక్క, పిల్లలతో నడక కష్టం. కారులో వెళ్తే జూ పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. సోమవారం ఆర్ట్ మ్యూజియం మూసి ఉంటుంది.

జవాబు 2: గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద ఉక్కు కమాను తప్పకుండా ఎక్కండి, ఎత్తు 630 అడుగులు. లోపల పైకి తీసుకెళ్లే ట్రామ్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, వేసవిలో అక్కడికెళ్లి అడిగితే దొరక్కపోవచ్చు. విమానాశ్రయంలోలా సెక్యూరిటీ ఉంటుంది, అరగంట ముందు చేరండి. ట్రామ్‌లో గుళికల్లాంటి చిన్న పెట్టెలుంటాయి, ఒక్కోదాంట్లో ఐదు సీట్లు. తలుపు పొట్టిది, వంగే దూరాలి. పైకి నాలుగు నిమిషాలు, కిందికి మూడు. ఇరుకంటే భయమున్నవాళ్లు కింద ఉచిత మ్యూజియం చూస్తే చాలు. పైన కిటికీలు చిన్నవి, వాలు గోడ మీదికి బోర్లా వాలితేనే మిసిసిపీ నదిలో పోయే బార్జీలు (సరుకు పడవలు) కనబడతాయి.

జవాబు 3: సిటీ మ్యూజియానికి టికెట్ ఉంది కానీ పిల్లలకి అంతకంటే మంచి చోటు లేదు. ఇనుప తీగల గొట్టాల్లో పాకాలి కాబట్టి నిక్కర్లు వద్దు, మందపాటి ప్యాంట్లు వేయండి. ఇక హిందూ గుడికి వెళ్లాలంటే, అది పడమటి శివారు బాల్విన్ దగ్గర ఉంది, దానికి కారు ఉండాల్సిందే.