సైన్స్ డేకి చిన్న పిల్లలందరి చేతా ఏం చేయించొచ్చు?

కనిగిరి టీచర్
అందరికీ నమస్కారం. కనిగిరి దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల మాది. ఒకటి నుంచి ఐదు దాకా 31 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. ఫిబ్రవరి 28న సైన్స్ డే చేయాలనుకుంటున్నాం.

ఇంతకు ముందు నేను పనిచేసిన బడిలో సైన్స్ డే అంటే థర్మోకోల్ అగ్నిపర్వతాలు, చార్టులు. చేసేది నాన్నలు, అన్నలు. పిల్లలు పక్కన నిలబడి బట్టీ పట్టింది అప్పజెప్పేవాళ్లు. మూడో తరగతి పాప ఒకతె మధ్యలో మాట మరిచిపోయి ఏడ్చేసింది. ఆ ఏడుపు నాకింకా గుర్తుంది. ఈసారి ప్రతి బిడ్డా తన చేత్తో ఏదో ఒకటి చేయాలి, ఇంటికెళ్లి అమ్మకి చూపించాలి. మంట, యాసిడ్ వద్దు. ఖర్చు ఐదారు వందలు దాటకూడదు. మీ బళ్లలో చేసినవి చెప్పరా?

పొదలకూరు మాస్టారు (రిటైర్డ్)
పసుపుతో మొదలుపెట్టమ్మా. తెల్ల కాగితాలని చిక్కటి పసుపు నీళ్లలో ముంచి ముందు రోజే నీడన ఆరేసుకో. అగ్గిపుల్లని సబ్బు నీళ్లలో ముంచి ఎవరి పేరు వాళ్లని రాయమను. అక్షరాలు ఎర్రగా తేలతాయి. మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. మాకు నిమ్మకాయలకి కొదవ లేదు, పిల్లలు గంటసేపు రాసి చెరిపి రాసేవాళ్లు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఏమవుతుందో ముందే చెప్పకు. అంతా అయ్యాక అడుగు, పెళ్లికూతురి పారాణి ఎట్లా కలుపుతారు, దిష్టి తీసే ఎర్రనీళ్లలో ఏముంటుంది అని. పసుపు, సున్నం అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు వాళ్ల మొహాలు చూడు. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం.

ఒంగోలు ఫిజిక్స్
మేడం, గాజు గ్లాసు నీళ్లలో నాలుగైదు చుక్కల పాలు వేసి చీకటి గదిలో టార్చి వేయండి. పక్క నుంచి లేత నీలంగా ఉంటుంది, టార్చికి ఎదురుగా చూస్తే నారింజ. ఆకాశం నీలంగానూ, పొద్దు గూకేటప్పుడు ఎర్రగానూ ఎందుకుంటుందో దీంతో చెప్పొచ్చు.

దయచేసి దీన్ని రామన్ ఎఫెక్ట్ అని మాత్రం చెప్పకండి. పాల నీళ్లలో కాంతి చెదురుతుంది, నీలం ఎక్కువగా చెదురుతుంది, అంతే. మన శాస్త్రవేత్త సి.వి. రామన్ 1928లో ఇదే ఫిబ్రవరి 28న చూసింది వేరు: చెదిరిన కాంతిలో చాలా కొద్ది భాగానికి రంగే మారిపోవడం. ఐదో తరగతికి అంత అక్కర్లేదు, ఓడ కథ చాలు. సముద్రం నీలం ఆకాశం నీడే అని అప్పటికి పెద్ద శాస్త్రవేత్తల మాట. 1921లో ఓడ మీద వస్తూ రామన్ ఒక చిన్న పట్టకంతో ఆ నీడని తీసేసి చూశారు. నీలం పోలేదు. కొత్తపట్నం సముద్రం చూసిన పిల్లలెవరైనా ఉంటే ఇంకా బాగా వింటారు.

పామూరు నీళ్ల ప్లాంటు
మన వైపు పిల్లలకి నీళ్ల మీద చేయించండి మేడం. ఒకే సైజు సీసాలు రెండు. ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో క్యాన్ నీళ్లు, సమానంగా. ఒంటి సబ్బు తురిమి కరిగించి చెరొక స్పూను పోసి, ఇద్దరు పిల్లల్ని ఇరవై సార్లు ఊపమనండి. నురగని స్కేలుతో కొలవాలి. బట్టల పౌడర్ వాడితే తేడా సరిగా తెలియదు, బోరు నీళ్లలోనూ నురగొస్తుంది. ఇంకోటి, దీంతో తెలిసేది నీళ్ల గట్టిదనమే, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువున్నాయా లేదా అన్నదే. ఫ్లోరైడ్ తెలియదు, దానికి ల్యాబ్ పరీక్షే. పిల్లలకి ఆ మాట కూడా చెప్పండి.

కనిగిరి టీచర్
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్ననే అయింది.

పాలది సగమే కుదిరింది. గదిలో వెలుతురు ఎక్కువై నారింజ ఎవరికీ కనబడలేదు. పసుపు కాగితాల దగ్గర మాత్రం నేను అనుకోనిది జరిగింది. ఒకటో తరగతి పాప సబ్బుతో చేతులు కడుక్కుని తడి చేత్తోనే కాగితం పట్టుకుంది. ఐదు వేళ్లూ ఎర్రగా పడ్డాయి. భయపడి నా వైపు చూసింది. ఒక్క నిమిషంలో అందరూ కుళాయి దగ్గరికి పరుగు!

నీళ్ల సీసాలు అంతకన్నా బాగా కుదిరాయి. క్యాన్ నీళ్లలో నురగ ఆరు సెంటీమీటర్లు లేచింది. బోరు నీళ్లలో అర సెంటీమీటరు కూడా లేదు, పైన తెల్ల తరకలు. "పాలు విరిగినట్టుంది టీచర్" అన్నాడు నాలుగో తరగతి బాబు. కాసేపాగి వాడే "మరి కాచిన నీళ్లయితే?" అన్నాడు. వంటమ్మని అడిగి బోరు నీళ్లే కాయించి చల్లార్చాం. ఒకటిన్నర సెంటీమీటరు వచ్చింది. ఆమె గిన్నె అడుగున పట్టిన తెల్ల పొర చూపించి "రోజూ నేను గీకేది ఇదే కదా" అంది. పిల్లలందరూ ఆ గిన్నెలోకి తొంగిచూశారు.

సోమవారం ఊళ్లో ఆరు చోట్ల నుంచి బోరు నీళ్లు తెస్తామన్నారు. ఆరు సీసాలు కడిగి ఆరబెట్టాను.