సంఘం వెబ్‌సైట్‌కి వర్డ్‌ప్రెస్సా, విక్సా, హ్యూగోనా? కమిటీలో తేలడం లేదు

పెరంబూరు వాసి

నమస్కారం. మాది చెన్నైలో చిన్న తెలుగు సంఘం. నెలకో సాహిత్య సభ, ఉగాదికి కవిసమ్మేళనం, ఏటా ఒక సంచిక. తొమ్మిదేళ్ల కిందట మా సభ్యుల్లో ఒకరి అబ్బాయి వర్డ్‌ప్రెస్ అనే ఉచిత వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో సైటు కట్టిచ్చాడు, చక్కగా ఉండేది. అతను ఉద్యోగానికి వేరే దేశం వెళ్లాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పోయిన నెల గూగుల్‌లో సంఘం పేరు కొడితే మా పేరు కిందే జూదం ప్రకటనలు వచ్చాయి, కానీ అడ్రస్ నేరుగా టైప్ చేసి తెరిస్తే మామూలుగానే ఉంది, ఇదెలాగో అర్థం కాలేదు. కొత్తది కట్టాలని తీర్మానం అయితే చేశాం గానీ ఏ సాఫ్ట్‌వేర్ అన్న దగ్గర కమిటీ మూడు ముక్కలైంది. మాకు కావలసింది పద్దెనిమిది సంచికల పీడీఎఫ్‌లు, సభల ప్రకటనలు, ఫొటోలు, సభ్యత్వ రుసుము కట్టే వీలు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఫోన్‌లో తెలుగు టైప్ చేయగలను, అంతకు మించి రాదు. ఖర్చు ఏడాదికి పది వేలు దాటకూడదు.

అంబత్తూరు

సార్, మీరు చూసింది పాత ఎత్తే. సైట్‌లో దూరినవాళ్లు గూగుల్ నుంచి వచ్చినవాళ్లకి ఒక పేజీ, నేరుగా వచ్చినవాళ్లకి మరో పేజీ చూపిస్తారు, అందుకే సొంతదారుకి నెలల తరబడి తెలియదు. దీనికి వర్డ్‌ప్రెస్‌ని తప్పు పట్టకండి. అది 2003 నుంచి ఉంది, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ఎక్కువగా దొంగలు దూరేది ప్లగిన్లలోంచి (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రాములు), థీముల్లోంచి (సైటుకి రూపాన్నిచ్చే ఫైళ్లు). చిన్న భద్రతా అప్‌డేట్లు 2013 నుంచి వాటంతటవే పడుతున్నాయి, ప్లగిన్లకి కూడా ఆటో అప్‌డేట్ మీట 2020లో 5.5 వెర్షన్‌తో వచ్చింది. మీ పాత సైట్‌లో ఆ మీట ఎవరూ నొక్కి ఉండరు. నాలుగైదు ప్లగిన్లు మించకుండా పెట్టుకుని ఆటో అప్‌డేట్ వేయండి. ఇంకో మాట, రేపు నేను లేకపోయినా చెన్నైలో ఏ వీధిలోనైనా వర్డ్‌ప్రెస్ తెలిసిన మనిషి దొరుకుతాడు, మిగతావాటికి ఆ భరోసా లేదు.

వేళచ్చేరి

దొరుకుతాడు సరే, తొమ్మిదేళ్లుగా ఎందుకు దొరకలేదు మరి? ఒక్కసారి ఆలోచించండి, పీడీఎఫ్‌లు, ప్రకటనలు, ఫొటోలు చూపించడానికి డేటాబేస్ ఎందుకు, సర్వర్‌లో ప్రతిసారీ పేజీని తయారుచేసే పీహెచ్‌పీ ఎందుకు, లాగిన్ పేజీ ఎందుకు? హ్యూగోలాంటి స్టాటిక్ సైట్ జనరేటర్ వాడితే పేజీలన్నీ ముందే తయారై ఉంటాయి, సర్వర్ వాటిని ఇవ్వడం తప్ప ఏ లెక్కా చేయదు, కాబట్టి అప్‌డేట్ చేయలేదన్న కారణంగా ఎవరూ దూరలేరు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ వాళ్ల ‘పేజెస్’ సేవలో ఉచితంగా పెట్టొచ్చు. సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదని పరిమితి ఉంది, స్కాన్ చేసిన సంచికలు అందులో పట్టకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో ఎక్కించి లింకు ఇస్తే సరిపోతుంది. అక్కడ ఉంటే సంఘం ఉన్నా లేకపోయినా సంచికలు ఉంటాయి. మీకు ఏడాదికి డొమైన్ (సైటు పేరు) డబ్బు ఒక్కటే ఖర్చు.

టీ నగర్ పొడులు

నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. నేను ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముతాను. మొదట ఒకాయన వర్డ్‌ప్రెస్‌లో కట్టిస్తే ధర మార్చాలన్నా ఆయనకే ఫోన్ చేయాల్సి వచ్చేది, ఫోన్ ఎత్తేవారు కాదు. తర్వాత విక్స్‌కి మారాను. పట్టుకుని లాగి వదిలితే పేజీ తయారు, అప్‌డేట్ల బాధ, హోస్టింగ్ (సైటుకి సర్వర్‌లో చోటు) బాధ లేవు. మన ఊరి కంపెనీయే కావాలంటే జోహో సైట్స్ ఉంది. పెద్దాయన తనకి ఫోన్‌లో టైప్ చేయడమే వచ్చని చెబుతుంటే ఆయనకి గిట్‌హబ్, మార్క్‌డౌన్ గుర్తులతో రాయడం నేర్పిస్తారా అన్నా? సభ ఆదివారం ఉంటే శనివారం రాత్రి వేదిక మారుతుంది. ఆ ఒక్క ముక్క ఎవరు మారుస్తారో ముందు చెప్పండి.

వేళచ్చేరి

న్యాయమైన ప్రశ్నే అక్కా. గిట్‌హబ్‌తో పనిచేసే ఎడిటర్లు ఉన్నాయి, డెకాప్ అని ఒకటి, ఫారం నింపినట్టు నింపితే చాలు. దాన్ని ఒకసారి అమర్చి ఇవ్వడానికి మాత్రం నాలాంటివాడు కావాలి, ఒప్పుకుంటాను. కానీ విక్స్ సంగతి కూడా పూర్తిగా చెప్పాలి. అక్కడ కట్టిన సైట్‌ని ఎత్తి వేరే చోట పెట్టుకోవడం కుదరదు, అది వాళ్ల సర్వర్ల మీదే నడవాలి. మీ పొడుల షాపుకి ఫర్వాలేదు, మళ్లీ కట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల సంచికలకి అలా కాదు. జనం ఉచితంగా సైట్లు కట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 2009లో మూసేసింది, పాత గూగుల్ సైట్స్ కూడా తర్వాత మూతపడింది. పెద్ద కంపెనీ కదా ఎక్కడికి పోతుందనుకున్నవాళ్లే అప్పుడు పేజీలు పోగొట్టుకున్నారు.

తెలుగు టైపింగ్

ఏ సాఫ్ట్‌వేర్ అని ఇంత వాదిస్తున్నారు గానీ తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అదే బాధ. రెండు విషయాలు.

మొదటిది, మీ పాత సంచికలు అచ్చు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పాత ఫాంట్లతో కట్టినవై ఉంటే అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. పీడీఎఫ్ తెరిస్తే తెలుగే కనబడుతుంది, కాపీ చేసి ఇంకోచోట వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అంటే ఆ వ్యాసాలు గూగుల్‌కి కనబడవు, పద్దెనిమిది సంచికలు నెట్‌లో ఉన్నా వెతికినవాడికి ఒక్క కవిత దొరకదు. కనీసం ప్రతి సంచిక విషయసూచికని, రచయితల పేర్లని యూనికోడ్‌లో టైప్ చేసి ఆ పీడీఎఫ్ పక్కన పెట్టండి. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు, మనుషులు కూర్చుని చేయాలి, నేను రెండు సంచికలు చేస్తాను.

రెండోది వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకి. పేజీ పేరు తెలుగులో పెడితే లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది, లోపల మాత్రం ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది, గుణింతం గుర్తులు, వత్తులకి వేసే పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కే. లింకుకి 200 అక్షరాలే పరిమితి. ఇరవై రెండు గుర్తులకి నిండిపోతుంది. ‘ఉగాది కవిసమ్మేళనం ఆహ్వానం’ అని పెట్టి చూడండి, లింకులో చివరి సున్న తెగిపోతుంది. పైగా వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో మూడు వరుసల లింకు. మా పత్రిక సైట్‌లో నాలుగు వందల లింకులు ఇలా పాడయ్యాక తెలిసింది నాకు. శీర్షిక తెలుగులో ఉంచి లింకు మాత్రం చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే రాయండి. ఫాంటుకి మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ బాగుంటాయి, ఉచితం.

అంబత్తూరు

ఈ లింకు సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు, థాంక్స్ అండీ. వేళచ్చేరి తమ్ముడికి ఒక మధ్యేమార్గం: వర్డ్‌ప్రెస్ డాట్ కామ్. చాలామంది దీన్నీ, సొంత హోస్టింగ్‌లో వేసుకునే వర్డ్‌ప్రెస్‌నీ ఒకటే అనుకుంటారు. డాట్ కామ్‌లో అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు, ఫోన్ యాప్ ఉంది, సార్ శనివారం రాత్రి వేదిక మార్చుకోవచ్చు, నచ్చకపోతే రాసినదంతా ఎగుమతి చేసి వేరే హోస్టింగ్‌కి తీసుకుపోవచ్చు. డబ్బు వసూలుకి షాపు ప్లగిన్ అక్కర్లేదు, రేజర్‌పే పేమెంట్ పేజీ లింకో యూపీఐ క్యూఆర్ కోడో చాలు. ఒక్క జాగ్రత్త, పాత సైట్ ఫైళ్లు అలాగే కొత్తదాంట్లోకి లాగకండి. పోస్టులు, బొమ్మలు మాత్రం ఏరుకోండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లకి పని లేదు, కనబడితే అనుమానించండి.

పెరంబూరు వాసి

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం. ఒక సందేహం, డొమైన్ కూడా ఆ అబ్బాయి సొంత ఈమెయిల్ మీదే ఉందని ఇవాళే తెలిసింది. ఇది ఇబ్బందేనా?

టీ నగర్ పొడులు

అయ్యో, ముందు అది చూడండి సార్! సాఫ్ట్‌వేర్ గొడవ తర్వాత. గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ ఆయనకే వెళ్తాయి, ఆయన చూడకపోతే పేరు ఇంకెవరో కొనేసుకుంటారు. సంఘం పేరుతో ఒక మెయిల్ తెరిచి దాని మీదకి మార్పించుకోండి, పాస్‌వర్డ్ కార్యదర్శి దగ్గర, కోశాధికారి దగ్గర ఉండాలి, కమిటీ మారినప్పుడు మినిట్స్ పుస్తకంతో పాటు అది కూడా అప్పగించాలి.

వేళచ్చేరి

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు. వచ్చే సభకి హ్యూగోలో ఒక నమూనా కట్టి తెస్తాను, అన్న వర్డ్‌ప్రెస్‌లో ఒకటి తెస్తే సార్ చేతే రెండిట్లోనూ ఒక ప్రకటన పెట్టించి చూద్దాం.

అంబత్తూరు

సరే, తెస్తాను. ఫోన్‌లోంచే పెట్టాలి, ల్యాప్‌టాప్ ముట్టుకోకూడదు.

పెరంబూరు వాసి

ఇద్దరూ తప్పకుండా రండి. అబ్బాయికి మెసేజ్ పెడితే ఇప్పుడే జవాబిచ్చాడు. డొమైన్ గడువు ఇంకా నలభై రోజులుందట, ఈ వారమే సంఘం పేరు మీదకి మారుస్తానన్నాడు. మూడు నోటీసులొచ్చినా ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడట, మేమే అతన్ని ఒక్కసారీ పలకరించలేదు. తెలుగు టైపింగ్ గారూ, మొదటి రెండు సంచికలు స్కాన్ చేసి మీకు పంపుతున్నాను, విషయసూచికలో ఒకటి రెండు పేర్లు చెరిగిపోయాయి, అవి మా పాతవాళ్లని అడిగి చెబుతాను.