వేసవి ఉత్సవం: 1,500 మందికి మైదానంలో ఏర్పాట్లు ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఒక చిన్న నగరంలో కాలనీ సంఘాలన్నీ కలిసి వేసవి సెలవుల్లో రెండు సాయంత్రాల ఉత్సవం పెడుతున్నాం. స్కూలు మైదానం దొరికింది. రోజుకు 1,500 మంది రావచ్చని అంచనా. 800 కుర్చీలు, పిల్లల డాన్సులు, పాటలు, ఇరవై స్టాళ్లు ఉంటాయి. అనుమతుల సంగతి వేరేవాళ్లు చూసుకుంటున్నారు. నాకు మైదానం లెక్కలు కావాలి: ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, నీళ్లు ఎన్ని కావాలి, కరెంటు ఎంత కావాలి, గాలివాన వస్తే ఏం చేయాలి? కమిటీలో ఎక్కువమంది 4 గంటలకే మొదలుపెడదాం అంటున్నారు. 25 కేవీఏ జనరేటర్ సరిపోతుందని టెంటు హౌస్ వాళ్లు చెప్పారు. నిజంగా సరిపోతుందా?

జవాబు 1:

4 గంటలు వద్దండీ. సూర్యుడు నడినెత్తిన ఉండేది మధ్యాహ్నమే అయినా, గాలి బాగా వేడెక్కేది 3 గంటల ప్రాంతంలో. 4 అయ్యేసరికి నేల, స్టేజి చెక్కలు, కుర్చీలు అన్నీ కాగి ఉంటాయి. పైగా 4కి కార్యక్రమం అంటే, మేకప్ వేసుకుని బరువైన డ్రెస్సుల్లో పిల్లలు 3కే రావాలి. 5:30కి స్టాళ్లు తెరవండి, 6కి స్టేజి మొదలుపెట్టండి. చెప్పుల్లేకుండా ఆడే పిల్లలుంటే స్టేజి మీద మధ్యాహ్నమంతా తెల్లటి గుడ్డ కప్పి ఉంచి, మొదలయ్యే ముందు తీసేయండి. నల్ల రబ్బరు మ్యాట్ మాత్రం పరవకండి, కాళ్లు కాలిపోతాయి.

స్టేజి పడమర వైపు పెడితే జనం కళ్లలో ఎండ కొడుతుంది, తూర్పున పెడితే ఆడేవాళ్ల కళ్లలో కొడుతుంది. ఉత్తరానికో దక్షిణానికో పెట్టండి.

నీళ్ల విషయంలో అందరూ లీటర్లు లెక్కేస్తారు, కుళాయిలు లెక్కేయరు. మనిషికి లీటరు చొప్పున 1,500 లీటర్లు, ఇంకో 500 నిల్వ పెట్టుకుంటే రోజు గడుస్తుంది. చిక్కంతా విరామంలో వస్తుంది. ఒకరు గ్లాసు నింపుకుని పక్కకు తప్పుకోవడానికి 10 సెకన్లు పడుతుంది. అంటే ఒక కుళాయి దగ్గర నిమిషానికి ఆరుగురు, 15 నిమిషాల విరామంలో 90 మంది. అందరూ ఒక్కసారి లేస్తే 17 కుళాయిలు కావాలి! ఒకే చోట రెండు డ్రమ్ములు పెట్టి నాలుగు కుళాయిలు బిగిస్తే, సగం నీళ్లు మిగిలి ఉండగానే "నీళ్లు లేవు" అన్న మాట పుడుతుంది. మూడు చోట్ల ఆరేసి కుళాయిలు పెట్టండి. కుర్చీల మధ్య నడవల్లోకి వాలంటీర్లు నీళ్లు తీసుకెళ్తే విరామం దాకా ఎవరూ ఆగనక్కర్లేదు. గ్లాసు ముంచి తీసుకునే డ్రమ్ము మాత్రం పెట్టొద్దు. అందరి చేతులూ అందులోనే పడతాయి.

కుర్చీకి నడవలతో కలిపి 0.7 చదరపు మీటర్లు వేసుకోండి, 800కి 560 అవుతుంది. రెండు నడవల మధ్య వరుసకు 14 కుర్చీలు మించకూడదు. ప్లాస్టిక్ కుర్చీల్ని నాలుగేసి కలిపి కట్టండి. జనం ఒక్కసారి లేచినప్పుడు విడి కుర్చీలు పడిపోయి కాళ్లకు అడ్డం పడతాయి, వాటి మీద మనుషులు పడతారు.

చదును నేల మీద మీటరు వెడల్పున్న దారిలోంచి నిమిషానికి సుమారు 80 మంది బయటికి వెళ్లగలరు. 1,500 మంది 8 నిమిషాల్లో ఖాళీ కావాలంటే దాదాపు రెండున్నర మీటర్లు కావాలి. అలాంటి గేట్లు రెండు ఉంచండి. ఒకటి మూసుకుపోయినా రెండోది చాలాలి. ఆ గేట్ల ముందు బైకులు ఆపనివ్వకుండా ఒక మనిషిని పెట్టకపోతే ఈ లెక్కంతా వృథా. అంబులెన్స్ దారి 4 మీటర్లు వేరేగా వదలండి.

జవాబు 2:

జనరేటర్ గురించి చెబుతాను. 25 కేవీఏ అంటే వాడకానికి వచ్చేది సుమారు 20 కిలోవాట్లు. అందులో నాలుగింట మూడు వంతులే వాడాలి, అంటే 15. సౌండ్‌కి 5, ఎల్ఈడీ లైట్లకి 3 అనుకుంటే స్టాళ్లకి 7 మిగులుతుంది. ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే ఒకటిన్నర నుంచి 2 కిలోవాట్లు లాగుతుంది. నలుగురు స్టాళ్లవాళ్లు చెప్పకుండా కెటిళ్లు పెడితే అయిపోయినట్టే. ఎవరు ఏం తెస్తున్నారో ముందే రాయించుకోండి.

ఇంకో మెలిక ఉంది. త్రీ ఫేజ్ (కరెంటు మూడు వేరు లైన్లలో వచ్చే) 25 కేవీఏ జనరేటర్‌లో ఒక్కో ఫేజుకు వచ్చేది 8 కేవీఏ చిల్లర. లోడంతా ఒకే ఫేజు మీద వేస్తే, మీటరులో మొత్తం తక్కువే కనిపిస్తున్నా ఆ ఫేజు ట్రిప్ అవుతుంది. సౌండ్ ఒక ఫేజు, స్టాళ్లు ఒకటి, లైట్లు ఒకటి పెట్టండి. అలా చేస్తే స్టాళ్లు ట్రిప్ అయినా మైదానం చీకటి కాదు. అయినా గేట్ల దగ్గర బ్యాటరీ లైట్లు ఉండి తీరాలి, ఎందుకంటే జనరేటరే ఆగితే అన్నీ ఆరిపోతాయి.

న్యూట్రల్ వైరు (మూడు ఫేజులకూ ఉమ్మడిగా కరెంటు తిరిగొచ్చే వైరు) గట్టిగా బిగించారో లేదో స్వయంగా చూడండి. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ వదులైతే 230 వోల్టులు రావలసిన చోట 400 దాకా వస్తుంది. ఆంప్లిఫయర్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి. సామాను కలపకముందే మల్టీమీటర్‌తో మూడు ఫేజుల్నీ న్యూట్రల్‌తో కొలవండి, కలిపాక ఇంకోసారి కొలవండి.

వైరు సన్నగా ఉంటే దూరం పోయేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. 1.5 స్క్వేర్ (అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు 50 మీటర్లు లాగి 10 ఆంపియర్లు వాడితే 12 వోల్టులు దారిలోనే పోతాయి. స్టాళ్లకు 2.5 స్క్వేర్ తక్కువ వద్దు. మిగిలిన వైరును చుట్టలా వదిలేస్తే లోపల వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. మొత్తం విప్పి పరవాలి. జనం చెయ్యి తగిలే ప్రతి లైనుకీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి, ముఖ్యంగా నీళ్ల దగ్గర. జనరేటర్ వేడిగా నడుస్తుండగా డీజిల్ పోయకండి.

సౌండ్: వెనకవాళ్లకు వినపడడం లేదని ముందు స్పీకర్లు పెంచుతూ పోతే ముందు వరుసలవాళ్ల చెవులు పోతాయి. 40 మీటర్ల దగ్గర ఇంకో జత పెట్టి, వాటి శబ్దం 115 మిల్లీ సెకన్లు ఆలస్యంగా వచ్చేలా డిలే ఇచ్చి, పైన ఇంకో పది కలపండి. డిలే లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడ్డాక శబ్దం కిందికి వంగి చాలా దూరం పోతుంది. సాయంత్రం పెట్టిన వాల్యూమే 9 గంటలకు అవతలి వీధిలో పెద్దగా వినిపిస్తుంది. చీకటి పడ్డాక తగ్గించండి.

జవాబు 3:

ఈదురుగాలి సంగతి ఎవరూ రాయలేదు. వేసవిలో అసలు భయం అదే. గాలి వేగం రెట్టింపైతే షామియానా మీద తోపు నాలుగింతలవుతుంది. ఎంత గాలికి తట్టుకుంటుందో టెంటు హౌస్ వాళ్లతో రాతపూర్వకంగా తీసుకోండి.

ఎండిన నేలలో మేకులు సగమే దిగుతాయి, పైకి గట్టిగానే కనిపిస్తాయి. నాలుగు చినుకులు పడగానే ఊడిపోతాయి. ముందురోజు సాయంత్రం ఆ చోట్లు తడిపి, మేకు తల గుంజకు అవతలి వైపు వాలేలా పూర్తిగా దిగ్గొట్టాలి. గుంజ ఎంత ఎత్తుంటే తాడు అంత దూరంలో కట్టాలి. సిమెంటు నేల అయితే 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము వాడండి, బరువు 200 కిలోలు. తాడు డ్రమ్ము అడుగున కట్టాలి, పైన కడితే డ్రమ్మే ఒరుగుతుంది. 20 లీటర్ల క్యాన్లు ఈ పనికి సరిపోవు. ఒకవైపు పరదా కట్టి ఎదుటివైపు తెరిచి ఉంచితే గాలి లోపల చిక్కి కప్పును లేపేస్తుంది.

మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. వెంటనే ఆపేయాలి. షామియానా కింద చేరితే రక్షణ లేదు, స్కూలు గదులు తెరిచి ఉంచుకోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఆపేయమని చెప్పే అధికారం ఒక్కరికే ఇవ్వండి, అది కమిటీ అధ్యక్షుడికి కాకుండా మైదానంలో తిరిగే మనిషికి. చదవాల్సిన ప్రకటన ముందే రాసి ఉంచండి, చేతిలో బ్యాటరీ మెగాఫోన్ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. 40 డాన్సులు వచ్చాయి, అన్నీ మొదటిరోజే పెట్టమని అడుగుతున్నారు. వడదెబ్బకు, పిల్లలు తప్పిపోతే చూసుకోవడానికి ఒకే టేబుల్ సరిపోతుందా?

జవాబు 1:

4 నిమిషాల డాన్సు మార్పులతో కలిపి 6 పడుతుంది. 40 అంటే నాలుగు గంటలు, చిన్నపిల్లలు అంతసేపు డ్రెస్సుల్లో ఉండలేరు. రోజుకు 20 పెట్టండి, చిన్నవాళ్లను ముందు పంపండి, ఉపన్యాసాలు వాళ్ల తర్వాత ఉంచండి.

టేబుళ్లు రెండూ వేరుగా పెట్టండి. వడదెబ్బ చోట నీడ, ఫ్యాను, ఐస్, ఓఆర్ఎస్ ఉండాలి. ఒళ్లు కాలుతూ మాట తడబడినా, తికమకగా ఉన్నా అంబులెన్స్ పిలిచి, అది వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐస్ పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

పిల్లల మణికట్టుకు గేటు దగ్గరే తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టండి. పిల్ల దొరికితే మైకులో పేరు, డ్రెస్సు రంగు చెప్పొద్దు. ఎవరైనా విని "నా బిడ్డే" అని రావచ్చు. "పిల్లల టేబుల్ దగ్గరికి రండి" అనే చెప్పి, వచ్చినవాళ్లతో ఆ వివరాలు చెప్పించండి.