తూటాల ఖర్చు తగ్గించుకోవడానికి ఇంట్లో రీలోడింగ్ చేసుకోవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
పాప 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడుతోంది. ఇక 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్ కూడా మొదలుపెట్టమని కోచ్ గారు అంటున్నారు. అంటే .22 తూటాలు కావాలి. అమెరికా వీడియోల్లో కాల్చిన తూటాల ఖాళీ గొట్టాల్లో (కేసుల్లో) మళ్ళీ మందు నింపి వాడుకుంటున్నారు. మనం అలా చేసుకోవచ్చా? కుదరదంటే ఎయిర్ పిస్టల్ పెల్లెట్ల (చిన్న సీసం గుళ్ళ) ఖర్చయినా తగ్గే దారి చెప్పండి.

జవాబు (పటమట, విజయవాడ)
వద్దండీ, ఆ ఆలోచనే పెట్టుకోకండి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీసం 7 ఏళ్ళ జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. పిస్టల్ ఉంచుకోవడానికిచ్చే లైసెన్సు తయారీకి చెల్లదు.

పైగా .22 తూటా రిమ్‌ఫైర్ రకం. నిప్పందించే మందు కేసు అడుగున అంచు మడతలో ఉంటుంది, పిస్టల్లోని పిన్ను ఆ అంచునే నలగ్గొట్టి పేలుస్తుంది. నలిగిన అంచు ఇక పనికిరాదు. మీరు చూసిన వీడియోల్లోవి ప్రైమరు (నిప్పందించే మందున్న బిళ్ళ) మధ్యలో విడిగా ఉండే సెంటర్‌ఫైర్ కేసులు.

అసలు ఆదా డ్రై ఫైర్‌లో, అంటే పెల్లెట్ పెట్టకుండా ట్రిగర్ లాగి సాధన చేయడంలో ఉంది. పోటీకి 60 షాట్లు, ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లు కలిపితే రోజుకు 80 దాకా పోతాయి. 500 పెల్లెట్ల డబ్బా వారంలో ఖాళీ. అందులో సగం రోజులు ఇంట్లో డ్రై ఫైర్ చేయిస్తే డబ్బా రెండు వారాలు వస్తుంది, ట్రిగర్ లాగే తీరు కూడా బాగుపడుతుంది.

ముందు తెల్లగోడ మీద 20 షాట్లు, టార్గెట్ లేకుండా. చూపు గొట్టం కొసనున్న సైట్ (గురి చూసే ముక్క) మీదే ఉండాలి. ట్రిగర్ విడిచాక రెండు సెకన్లు చెయ్యి దించకూడదు. కుడిచేతి వాళ్ళకు ఆ క్షణంలో సైట్ కిందికి ఎడమకు జారితే వేళ్ళన్నీ కలిపి పిండుతున్నట్టే. పది సెకన్లలో షాట్ రాకపోతే దించేయాలి, లాగిలాగి కాల్చడమే చెడ్డ అలవాటు.

హాల్లో 5 మీటర్లే ఉంటే టార్గెట్‌ను సగానికి తగ్గించి ప్రింట్ తీయించండి. 59.5 మి.మీ. నల్ల వృత్తం 29.75 అవుతుంది. ఎత్తు మాత్రం 10 మీటర్లకు పెట్టినట్టు 140 సెం.మీ. పెట్టకూడదు. పాప కంటి ఎత్తుకు 140 కలిపి సగం చేయండి. కన్ను 150 దగ్గరుంటే 145.

జవాబు (లక్ష్మీపురం, గుంటూరు)
పై మాటకు ఒక్క సవరణ. ఇది డ్రై ఫైర్ మీట ఉన్న మ్యాచ్ పిస్టళ్ళకే. స్ప్రింగ్ గన్నులో పెల్లెట్ లేకుండా వదిలితే పిస్టన్‌కు ఎదురు గాలి ఉండదు, నేరుగా వెళ్ళి గుద్దుకుంటుంది, సీల్ పోతుంది. .22 పిస్టల్ అయితే మాన్యువల్ చూశాకే, కొన్నిటిలో పిన్ను చాంబరు (తూటా కూర్చునే చోటు) అంచును గుంటపెడుతుంది.

25 మీటర్ల ర్యాపిడ్ దశకు (టార్గెట్ కనిపించే కొద్ది సెకన్లలో ఒక్కో షాట్ కాల్చేది) తూటాలు తగలేయక్కర్లేదు. ఫోనులో 7 సెకన్ల విరామం, 3 సెకన్ల బీప్ పెట్టి, 45 డిగ్రీల నుంచి చెయ్యి లేపి డ్రై ఫైర్ చేయించండి. ట్రిగర్ బరువు తేడా మరచిపోకండి: ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, స్పోర్ట్స్ పిస్టల్‌కు 1000.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)
కాల్చిన పెల్లెట్లు ఏరి మళ్ళీ వాడేవాళ్ళున్నారు. దయచేసి చేయకండి. తల నలిగి, వెనక పావడా వంకర పోతుంది. గ్రూపు (షాట్లన్నీ దగ్గరగా పడటం) చెదిరిపోతుంది, తప్పు పాపదో పెల్లెట్‌దో తేలదు.

టార్గెట్ వెనక పెల్లెట్లను ఆపే ట్రాప్ మాత్రం కొనక్కర్లేదు. 3 మి.మీ. ఇనప రేకు కోయించి, చెక్కపెట్టెలో పైఅంచు మన వైపుకు 45 డిగ్రీలు వాలేలా బిగించండి. పెల్లెట్ కిందికి తిరిగి అడుగునున్న పాతబట్టల్లో పడుతుంది. రేకు నిటారుగా పెడితే సీసం ముక్కలు వెనక్కి తుళ్ళుతాయి; ఎలా పెట్టినా కంటి అద్దాలు తప్పనిసరి. ట్రాప్ వెనక తలుపు ఉండకూడదు. సీసం పొడిని చీపురుతో ఊడవకండి, తడిబట్టతో తుడవండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
రీలోడింగ్ మాట వదిలేశానండీ. ఎయిర్ పిస్టల్ గాలి సిలిండర్‌కు చేతి పంపు కొంటే గాలి ఖర్చు తగ్గుతుందా?

జవాబు (పటమట, విజయవాడ)
తగ్గుతుంది, తేమ వడపోత ఉన్నదైతేనే. ఐదు నిమిషాలు కొట్టి పంపు చల్లారనివ్వాలి, వేడెక్కితే తేమ లోపలికెళ్ళి తుప్పు పట్టిస్తుంది. గాలి ఒత్తిడి 200 బార్ దాటించకండి. ఆక్సిజన్ ఎప్పుడూ నింపకూడదు, నూనె తగిలితే పేలుతుంది. మే నెలలో కారులో అసలే వదలొద్దు: 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 65 డిగ్రీలకు 227 అవుతుంది. సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి, పదేళ్ళు దాటితే పోటీలో ఒప్పుకోరు.